కాశేలి బురదలో మల్లేశం సేటు నక్క

బురదకు కాపలా

మా పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను ముందుగా అడిగేది పులుల గురించే. మేడమ్, మీరు ఎన్ని పులుల్ని చూశారు? ఒక్కదాన్నీ చూడలేదు నాయనా. నేను ఉద్యోగమంతా చేసింది భివండి చుట్టుపక్కల. గోదాముల వెనక మిగిలిన బురద, ఆ ఉప్పు బురదలో పెరిగే మడచెట్లు, చెట్ల కింద పీతలు, పైన కొంగలు, ఆ మధ్యలో మోకాళ్ళదాకా కూరుకుపోయి నేను. చెడిపోయిన చోటును మళ్ళీ జీవాలు బతికేలా చేయడం, చేశాక మనుషుల బారిన పడకుండా చూడటం. అదీ నా కొలువు.

సంస్థ పేరు రాయను. ఈ కథలో మా పై అధికారి ఒకాయన బురదలో దిగబడతాడు కాబట్టి ఆయన అసలు పేరు కూడా రాయను. ప్రధాన్ సాహెబ్ అందాం.

నేను పుట్టి పెరిగింది భివండిలోని నాగావ్‌లో, మగ్గాల పనికి వలసొచ్చిన తెలుగువాళ్ళ మధ్య. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. మా గోడకు అటూ ఇటూ సాంచాలే. ఆ మోతలో పెరిగినవాళ్ళకు మెల్లగా మాట్లాడటం రాదు. ఉద్యోగంలో మొదటి ఏడాది నేను నోరు తెరిస్తే చాలు, కొంగలన్నీ లేచి పక్కనున్న ఠాణా పట్నం వైపు పోయేవి. "నువ్వు గుసగుసలాడితే కూడా పక్క వీధికి వినిపిస్తోంది" అని తోటివాళ్ళు నన్ను వెనక నడిపించేవారు.

మా అమ్మ కండెలు చుట్టేది. ఇరుగుపొరుగు "మీ బిడ్డ ఏం నౌకరి చేస్తది?" అని అడిగితే, "బురదకు వాచ్‌మెన్. ఎవ్వలన్న ఎత్కపోతరని కాపలుంటది" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నాకు మాత్రం అమ్మ చెప్పినంత సరిగ్గా నా ఉద్యోగాన్ని ఇంకెవరూ చెప్పలేదు. మా వైపు ఎక్కువగా దొంగతనానికి గురయ్యేది బురదే. పాత ఇళ్ళు కూల్చిన మట్టి, ఇటుక ముక్కలు లారీల్లో తెచ్చి పోస్తారు. కొన్నాళ్ళకు అది గట్టిపడుతుంది. గట్టిపడిన చోటును జాగా అంటారు. జాగాకు ఓనరు ఎక్కడినుంచో పుట్టుకొస్తాడు.

ఒకే గుంతలో ఏటా మొక్క

కాశేలిలో గోదాముల వెనక ఖాడీ ఉంది. సముద్రపు నీరు పోటుకు లోపలికొచ్చి, ఆటుకు వెనక్కి పోయే పాయ అది. దాని ఒడ్డున ఒక మడతోపు ఎండిపోతోంది. దాన్ని బతికించమని నన్ను వేశారు.

కారణం కనుక్కోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. తోపుకీ ఖాడీకీ మధ్య మట్టిపోసి రోడ్డు వేశారు. పోటు నీరు రోడ్డుదాకా వచ్చి ఆగిపోతుంది. రోడ్డుకు ఇవతల వానాకాలంలో మురుగు నిలబడుతుంది, ఎండాకాలంలో ఉప్పు పేరుకుంటుంది. మడచెట్టు వేళ్ళు ఊపిరి తీసుకునేది బురద పైకి పొడుచుకొచ్చిన ముళ్ళలాంటి కొసలతో. నీరు రోజూ వచ్చిపోతుంటేనే వాటికి ఊపిరాడుతుంది. నిలబడితే ఉక్కిరిబిక్కిరై చస్తాయి.

ప్రధాన్ సాహెబ్‌కు ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. విని, "అయితే మొక్కలు నాటుదాం" అన్నారు.

చెడ్డమనిషి కాదు. ఆయన చేతికి మొక్కనిస్తే ముఖం పెళ్ళికొడుకులా వెలిగేది. ఏటా వానలు పడగానే వచ్చేవారు, నాటేవారు, ఫొటో దిగేవారు, వెళ్ళేవారు. మొక్క చచ్చేది. మరుసటేడు గుంత తవ్వే శ్రమ ఎందుకని పనివాళ్ళు పాత గుంతనే కాస్త గోకి ఉంచేవారు. ఒక ఏడు ఆయన ఆ గుంత వంక చూసి, "ఈ చోటు ఎక్కడో చూసినట్టుంది" అన్నారు. "చాలా చోట్లు ఇట్లాగే ఉంటాయి సార్" అన్నాను నేను.

పిల్లలూ, ఇక్కడ ఒక మాట. మొక్క నాటడం వేరు, చోటును బతికించడం వేరు. నీరు సరిగ్గా వచ్చిపోతే మడచెట్టు విత్తనం తనంతట తాను తేలుతూ వచ్చి నాటుకుంటుంది. దానికి మన రిబ్బనూ అక్కర్లేదు, మన చప్పట్లూ అక్కర్లేదు. అందుకే ఈ పద్ధతి పై అధికారులకు నచ్చదు.

కావలసింది రోడ్డును కోసి, కింద పైపులు వేయడం. ఆ రోడ్డు మల్లేశం సేటుది. మా అమ్మ పుట్టిన ఊరివాడే. సాంచాల మీద కూలికి వచ్చి, తర్వాత సొంత సాంచాలు పెట్టి, ఆ పైన కాశేలిలో బట్ట నిలవచేసే గోదాములు కట్టాడు. అమ్మను అక్కా అంటాడు కాబట్టి నాకు మామ. నన్ను కోడలా అంటాడు.

"మామా, రోడ్డు కింద రెండు పైపులేస్తె నీళ్ళు వస్తయ్, పోతయ్" అన్నాను.

"నీళ్ళొస్తె ఏమొస్తది కోడలా?"

"ఎండ్రికాయలొస్తయ్" అన్నాను. పీతలకు మా ఇంటి మాట అది.

"ఎండ్రికాయలు గోదాంకు కిరాయి కడ్తయా?"

చాయ్ తాగి వచ్చేశాను.

గోదాములో పడుకున్నది

ఒకరోజు పొద్దున్నే మల్లేశం మామ ఫోను చేశాడు.

"ఏంది కోడలా, గోదాంల తోడేలు జొచ్చింది, నువ్వు ఇంట్ల కూసున్నవ్?"

వెళ్ళి చూశాను. తెల్లటి బట్ట తానుల గుట్ట మీద, తోక ముక్కు మీదికి చుట్టుకుని, ఒక నక్క హాయిగా నిద్రపోతోంది. వాచ్‌మెన్‌లు ఇనుప రాడ్లు పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డారు. వాళ్ళలో ఒక్కడూ లోపలికి అడుగు పెట్టలేదు.

"తోడేలు కాదు మామా, నక్క."

"ఏదైతేంది? కొరుకుతదా లేదా?"

"నువ్వు కొరకకపోతె అది కొరకదు."

వెనక తలుపు తీయించి, ముందు తలుపు దగ్గర జనాన్ని తప్పించి, కాసేపు ఊరుకున్నాం. అది లేచి ఒళ్ళు విరుచుకుంది. మా అందరినీ ఒకసారి చూసి, కిరాయిదారు బయటికి పోయినట్టు నింపాదిగా మడతోపులోకి పోయింది.

మామకు కోపం చల్లారలేదు. నక్కను పట్టించి దూరంగా పారేయించాలని పట్టుబట్టాడు. ఫిర్యాదు చేయడానికి నేరుగా మా ఇంటికే వచ్చాడు. అమ్మ కండెలు చుడుతూనే అంతా వింది.

"ఓరి మల్లిగా" అంది చివరికి. "లోకమంత నక్క తోక తొక్కితె అదృష్టమంటరు. నీకు నక్కే ఇంటికొచ్చి, నీ బట్ట మీద పండుకుని పోయింది. ఇంకేం గావాల్రా? హారతి వట్టకుండ పంచాది వెట్టుకుంటున్నవ్?"

మామ ఏదో ఆలోచనలో పడి, చాయ్ చల్లారిపోతున్నా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే మామ గోదాములో ఎన్నాళ్ళుగానో కదలని పాత సరుకు ఒక బేరగాడు వచ్చి మొత్తం కొనుక్కుపోయాడు. పెళ్ళిళ్ళ సీజను కాబట్టి కొన్నాడని నేను చెప్పబోయాను. అమ్మ నా కాలు తొక్కింది. మల్లేశం మామ నక్కకు లచ్చిమి అని పేరు పెట్టాడు.

అదృష్టం ముదిరితే

మొదట్లో నాకు నవ్వొచ్చింది, ఆనందమూ కలిగింది. నెలలు గడిచినా నేను ఒప్పించలేని మనిషిని మా అమ్మ ఒక్క సామెతతో నక్క వైపు తిప్పింది. ఇక తోపు జోలికి ఎవరూ రారని అనుకున్నాను.

కథ బజారుకెక్కాక వేరే దారి పట్టింది. ఆర్డర్లు రానివాళ్ళు, పెళ్ళి కుదరనివాళ్ళు, పరీక్ష తప్పినవాళ్ళు పొద్దున్నే కాశేలికి ఆటోలు కట్టించుకుని రావడం మొదలుపెట్టారు. లచ్చిమి ముఖం చూసిపోవాలట. చేతిలో కోడి ముక్కలు, బిర్యానీ పొట్లాలు. వాటికి ఊళ్ళో కుక్కలన్నీ చేరాయి. జనం దండం పెట్టుకున్న వాటిలో సగం కుక్కలే. ఆ కుక్కలు బిర్యానీ తిని ఊరుకోలేదు. తోపులోకి దూరి నక్కల్ని తరమడం మొదలుపెట్టాయి. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. అడవి జంతువుకు అన్నం పెట్టడమంటే దాని శత్రువులకు విందు పెట్టడమే.

ఆపైన బజారులో ఒకడు తేలాడు. నేల మీద గుడ్డ పరిచి 'నక్క కొమ్ములు' అమ్ముతున్నాడు. నక్కకు కొమ్ముండదు. ఎముక ముక్కకు తోలు చుట్టి, వెంట్రుకలు అతికించి, కుంకుమ పూసి అమ్ముతారు. లేని కొమ్ము కోసం ఉన్న నక్కలు చస్తాయి. నేను గుంపులో నిలబడి, నాకు సహజంగా వచ్చిన సాంచాల గొంతుతో అడిగాను.

"భయ్యా, ఒక్క కొమ్ము ఇంట్ల ఉంటెనే నసీబ్ మారుతదంటున్నవ్. గిన్ని కొమ్ములు సంచిల వెట్టుకుని నువ్వు ఎండల ఎందుకు కూసున్నవ్?"

బజారంతా గొల్లుమంది. వాడు గుడ్డ ఎత్తుకుని పోయాడు. అటవీ సిబ్బందికి కబురు పెట్టి, ఇంటికొచ్చి అమ్మకు ఆ సంగతి అభినయించి చూపించాను.

నవ్వులపాలు చేస్తే మనిషి సిగ్గుపడతాడు, వ్యాపారం సిగ్గుపడదు. చోటు మార్చుకుంటుంది, అంతే.

తీగ

కొద్దిరోజుల తర్వాత మళ్ళీ పొద్దున్నే మామ ఫోను.

"జల్ది రా కోడలా. లచ్చిమిని ఎవడో తీగతోని కట్టేశిండు."

నక్కలు తోపులోంచి బయటికొచ్చే సందులో ఎవరో సన్నటి తీగతో ఉచ్చు బిగించారు. ముందుకాలు అందులో పడింది. లాగినకొద్దీ బిగుస్తోంది. నక్క అరవడం లేదు. లాగి, ఆగి, మళ్ళీ లాగుతోంది. చుట్టూ మట్టి దున్నినట్టు అయింది. నేను పిలిచిన పశువైద్యుడు ఠాణా నుంచి బయల్దేరాడు, కానీ దారిలో లారీల బారులో ఇరుక్కున్నాడు. ఇంకాస్త ఆలస్యమైతే కాలు తెగుతుంది.

ఇప్పుడు రాసేది మీరు చేయకండి. నాకు ఇందులో శిక్షణ ఉంది, అయినా భయం వేసింది.

"మామా, మందంగున్న బట్ట గావాలె. నీ గోదాంల ఉన్నదాంట్ల గట్టిది."

మామ పరుగెత్తాడు. ఆ మనిషి పరుగెత్తడం నేను అప్పుడే చూశాను. భుజం మీద బట్ట తాను మోసుకొచ్చాడు. బట్ట మడతలు పెట్టి నక్క మీద కప్పి, తల చీకట్లో ఉండేట్టు చేశాం. కళ్ళకు ఏమీ కనిపించకపోతే జంతువు కొంత కుదుటపడుతుంది. "మామా, మెడ ఎనక గట్టిగ వట్టుకో. వదిలితె నా చెయ్యి పోతది" అన్నాను. పట్టుకున్నాడు. బట్ట మూటలు కట్టే తీగలు కత్తిరించే కట్టరుతో ఉచ్చు తెంచాను. ఆ కంగారులో నక్క, మామ తెల్ల చొక్కా మీద తన అభిప్రాయం తడితడిగా తెలియజేసింది. ఆయన చేయి వదల్లేదు.

డాక్టరు వచ్చేదాకా దాన్ని ఆయన అట్లాగే ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు. కాలు తెగలేదని, గాయం మానుతుందని చెప్పి డాక్టరు కడిగి మందు వేశాడు. అప్పుడు నాకు ఇంకో సంగతి తెలిసింది.

"మామా, ఇది మగది."

మామ ఒక్క క్షణం ఆలోచించాడు. "అయితె లచ్చయ్య" అన్నాడు.

కాసేపటికి చాలా మెల్లగా, "గింతే ఉందా కోడలా?" అన్నాడు. "బట్ట తాను ఎత్తినంత బరువు గూడ లేదు. తోడేలని గజగజ వణికిన. గిదేంది, ఎముకలు చేతికి తలుగుతున్నయ్. ఏం తినదా?"

"ఏం తింటది మామా? తోపుల ఎలుకలు, చేపలు, ఎండ్రికాయలు తినేది. రోడ్డు ఏసినంక నీళ్ళు రాలే. నీళ్ళు రాకపోతె ఎండ్రికాయ రాదు. ఎండ్రికాయ లేకనే ఇది నీ గోదాంల ఎలుకల కోసం వస్తుంది. అదృష్టం తేనీకి కాదు."

మామ బట్ట మీద చెయ్యి పెట్టి దాని ఊపిరి చూస్తున్నాడు. డాక్టరు సరేనన్నాక బట్ట తీశాం. లచ్చయ్య కుంటుతూ తోపులోకి పోయాడు. వెనక్కి చూడలేదు.

"ఎన్ని పైపులన్నవ్?" అని అడిగాడు మామ.

"రెండు."

"నాలుగెయ్యి."

ఉచ్చు పెట్టినవాణ్ణి అటవీ సిబ్బంది తర్వాత పట్టుకున్నారు. మొక్కుబళ్ళకు వచ్చేవాళ్ళను మామే తరిమేశాడు. "లచ్చయ్య పచ్చివులుసు మీదున్నడు, కోడి ముట్టడు, పోన్రి" అని గేటు దగ్గర కుర్చీ వేసుకుని చెప్పేవాడు.

సాహెబ్ దిగబడ్డ రోజు

ప్రధాన్ సాహెబ్‌ను ఒప్పించడం ఇంకా మిగిలింది. "పైపుల పక్కన నిలబడి ఫొటో దిగితే ప్లంబర్లలా కనిపిస్తాం" అన్నారాయన. ఆ భయంలో కొంత న్యాయముంది. పై అధికారికి ప్రారంభించడానికి ఏదో ఒకటి ఇవ్వాలి. అది మన పనిలో భాగం, సిగ్గుపడొద్దు. "సార్, మీరు సముద్రాన్ని ప్రారంభిస్తారు" అన్నాను. ఆ మాట ఆయనకు బాగా నచ్చింది.

అమావాస్య పోటు పెద్దది. ఆ రోజు పట్టపగలు కార్యక్రమం పెట్టాం. అప్పుడే వేసిన నాలుగు పైపుల నోళ్ళకు రిబ్బన్లు కట్టాం. సాహెబ్ తెల్ల బూట్లతో కారు దిగారు. చేతిలో మొక్క! ఇంటినుంచే తెచ్చుకున్నారు. చూస్తే గుల్‌మొహర్. ఉప్పు బురదలో గుల్‌మొహర్ నాటడమంటే చేపను చెట్టెక్కించడమే. "ఇదొక్కటీ నాటి మొదలుపెడదాం" అని, నేను వద్దు సార్ అనేలోపే ఫొటో కోసం రోడ్డు దిగారు.

మొదటి అడుగుకు మడమ పోయింది. రెండో అడుగుకు మోకాలు. మూడో అడుగు ఆయన వేయలేదు, బురదే వేయించుకుంది. నడుముదాకా దిగబడ్డారు. సరిగ్గా అప్పుడే పైపుల్లోంచి పోటు నీరు చప్పుడు చేస్తూ లోపలికి రావడం మొదలైంది.

అందరూ నవ్వారు. నీరు ఆయన చొక్కా జేబు వైపు ఎక్కడం చూసి నవ్వు ఆగిపోయింది. "కదలకండి సార్! వెనక్కి వాలండి, పడుకున్నట్టు వాలండి!" అని అరిచాను. నా గొంతు ఒక ప్రాణానికి పనికొచ్చింది ఆ ఒక్కరోజే. ఆయన వాలారు. గుల్‌మొహర్‌ను మాత్రం తడవకుండా పైకెత్తి పట్టుకునే ఉన్నారు.

తాడు కోసం వెతికితే దొరకలేదు. మల్లేశం మామ గోదాములోంచి బట్ట తాను తెచ్చి, ఒక కొస పట్టుకుని ఎగరేశాడు. బట్ట గాలిలో విప్పుకుంటూ పోయి సాహెబ్ మీద పడింది. చంకల కింద చుట్టుకున్నారు. రెండో కొసను మూటలెత్తే హమాలీలు అందుకుని, పాట పాడినట్టు ఒక్క లయలో లాగారు.

"సాబ్, ఫికర్ మత్ కరో! అప్నా కప్‌డా హై, ఫటేగా నహీ!" అని, మన బట్ట చినగదని మామ గట్టుమీంచి హిందీలో భరోసా ఇచ్చాడు.

చినగలేదు. సాహెబ్ బయటికొచ్చారు, బూట్లు రాలేదు. పాదాల నుంచి గడ్డందాకా నల్లటి బురదతో నిలబడి వెనక్కి తిరిగి చూశారు. అప్పటికి నీరు తోపు లోపలిదాకా పాకింది. ఎండిన పగుళ్ళలోకి జారుతూ, బుడగలు లేపుతూ, ఎక్కడెక్కడో దాక్కున్న చిన్న పీతల్ని బయటికి తోస్తోంది. ఎక్కడినుంచి చూసిందో ఒక లకుముకి పిట్ట వచ్చి చచ్చిన కొమ్మ మీద వాలింది.

"బలంగా ఉంది" అన్నారు సాహెబ్. బురద గురించో, నీటి గురించో, బట్ట గురించో నేను అడగలేదు.

ఆయన గురించి ఒక మంచిమాట చెప్పకపోతే తప్పు. ఆ తర్వాత ఎక్కడ మీటింగు జరిగినా, ముందు నీళ్ళకు దారివ్వాలని వాదించింది ఆయనే. "పోటు బలం నాకు స్వయంగా తెలుసు" అనేవారు. కాదనే ధైర్యం ఎవరికుంటుంది? గుల్‌మొహర్‌ను మామ గోదాము గేటు దగ్గర నాటాడు. ఏపుగా ఉంది.

కనిపించని నక్క

ఆ వానాకాలం మడవిత్తనాలు గుంపులు గుంపులుగా తేలివచ్చాయి. నీరు తగ్గాక బురదంతా రెండాకుల మొలకలు. ఎవరూ నాటలేదు. చలికాలానికి పొడుగుముక్కు ఉల్లంకి పిట్టలు వచ్చాయి, బురదను కుట్టుమిషన్ సూదుల్లా పొడుస్తూ.

మల్లేశం మామ మాత్రం ముఖం మాడ్చుకుని వచ్చాడు.

"నన్ను ముంచినవ్ కోడలా. పైపులేశిన సంది లచ్చయ్య ఒక్కనాడు గూడ గోదాంకు రాలే."

"ఇంట్ల కడుపునిండ దొరుకుతుంటె నీ గడప ఎందుకు తొక్కుతడు మామా?"

"అంటె నేనే పైసలు వెట్టి నా అదృష్టాన్ని ఎల్లగొట్టుకున్ననా?"

అవునని ఎలా చెప్పను? చీకటి పడే వేళకు ఆయన్ను రోడ్డు మీదికి తీసుకెళ్ళి నిలబెట్టాను. మా పనిలో గెలుపంటే ఇదే పిల్లలూ. జంతువు మనకు కనిపించడం మానేస్తుంది. దాన్ని ఎవరికీ చూపించలేం, ఫొటో తీయలేం. ఆయనకు ఇదంతా ఎట్లా వివరించాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. అంతలో ఠాణా రోడ్డు మీద ఒక అంబులెన్సు సైరన్ మోగించుకుంటూ పోయింది.

తోపు జవాబిచ్చింది. ముందు ఒక నక్క ఊళ, దానితో కలిసి ఇంకోటి. వాటి వెనక పల్చగా, శ్రుతి కుదరని చిన్న గొంతులు కొన్ని.

మామ నా చెయ్యి పట్టుకున్నాడు. "లచ్చయ్య పిల్లలు వెట్టిండా?"

"ఆయన కాదు మామా, వాళ్ళావిడ."

ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టే అటు తిరిగాను.

నేను రిటైరయ్యాక ఈమధ్య ఒకసారి కాశేలి వైపు వెళ్ళాను. రోడ్డు మీద కాలేజీ పిల్లల గుంపు, వాళ్ళ ముందు మల్లేశం మామ. మరాఠీ, హిందీ, తెలుగు కలగాపులగం చేసి పాఠం చెబుతున్నాడు. మొక్కలు నాటొద్దట, నీళ్ళకు దారివ్వాలట, కోడి ముక్కలు వేసేవాడంత మూర్ఖుడు లేడట. అన్నీ సరిగ్గానే చెబుతున్నాడు. నన్ను చూసి చెయ్యూపి పిల్లలకు పరిచయం చేశాడు.

"గీమె మా కోడలు. గీ లైన్లనే నౌకరి చేశింది. గీమెకు గూడ జెర జెర నేనే నేర్పిన."

పిల్లలు నా వైపు జాలిగా చూశారు. నేను వినయంగా వాళ్ళ వెనక వరసలో నిలబడి చెయ్యెత్తాను.

"సేటు గారూ, నక్కలు ఎండ్రికాయల్ని తింటయన్నరు. మరి ఎండ్రికాయలేం తింటయ్?"

మామ బురద వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు, గడియారం వంక చూశాడు.

"మంచి సవాల్ అడిగినవ్" అన్నాడు గంభీరంగా. "నీళ్ళు దిగినంక చెప్త."